అతుకుల బొంతకు ఇస్త్రీ బల్ల: ఇంట్లో చేసింది ఎంతవరకు పనికొస్తుంది?

నమస్తే అండీ. ముందు ఈ రెండు ముక్కలు చూడండి. ఒకే తాను, రెండింటికీ పావు అంగుళం కుట్టు. ఎడమది స్పాంజి మీద ఇస్త్రీ చేసింది: కుట్టు గట్టులా లేచింది, అంచు వంకర పోయింది. కుడిది ఈ బల్ల మీద చేసింది. వేలితో తడమండి, కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. స్పాంజి మెత్తగా దిగిపోతుంది కదా, గుడ్డ సాగుతుందే తప్ప కుట్టు మీద బరువు పడదు.

బల్ల 12 ఎంఎం ప్లైవుడ్, 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు. 8×4 షీటులో ఇలాంటివి నాలుగొస్తాయి. 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) మడత పడకుండా పరుచుకుంటుంది. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు మాత్రం వద్దు. ఆవిరికి అంచులు ఉబ్బితే మళ్లీ చదును కావు.

మీద నూలు దుప్పటి రెండు పొరలు, బల్ల సైజుకే కత్తిరించి. అంతకు మించితే మళ్లీ స్పాంజి కథే. కొట్టువాడు కాటనే అన్నా సరే, ఒక పోగు లాగి కాల్చి చూడండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే నూలు. కరిగి పూసలా గట్టిపడితే పాలిస్టర్. నూలు సెట్టింగులో ఇస్త్రీ పెట్టె 200 డిగ్రీల దాకా పోతుంది, ఆ వేడికి పాలిస్టర్ అణిగి అట్టకడుతుంది.

ఇంట్లో గొంగళి ఉంటే ఒక పొర దాన్నే వేయండి. ఉన్ని వేడిని పట్టి ఉంచుతుంది, ముక్క కింది నుంచీ చదునవుతుంది. కానీ గొంగళికి చింతగింజల గంజి పెడతారు, వేడికి అది మాడుతుంది. చన్నీళ్లలో జాడించి, ఆరాకే వేయండి.

పైన కోరా కాన్వాసు. ఉతక్కుండా వేస్తే ఆవిరికి ముడుచుకుపోతుంది, గంజి మాడి గోధుమ రంగు మరకలు పడతాయి. రంగు గుడ్డ ఎంత బాగున్నా వద్దు, తెల్ల ముక్కకు అంటుకుంటే మీ పని గోవిందా! వెండి పూత గుడ్డకూ మా మార్కులు తక్కువే. వేడిని వెనక్కి కొడుతుంది గానీ ఆవిరిని దిగనివ్వదు, ముక్క చెమ్మగానే ఉంటుంది.

కాన్వాసు చుట్టూ 3 అంగుళాలు ఎక్కువ ఉంచి, బల్ల తిరగేసి, 8 ఎంఎం పిన్నులతో గన్ స్టాప్లర్ కొట్టండి. ముందు నాలుగు వైపులా నడిమధ్య ఒక్కో పిన్ను, తర్వాత ఎదురెదురుగా లాగుతూ మూలలకు. ఒక వైపంతా కొట్టేసి రెండోదానికి వెళ్తే నేత ఏటవాలుగా పోతుంది. మూలల్లో అదనపు గుడ్డ కత్తిరించేయండి, లేదంటే ముద్దకట్టి బల్ల ఊగుతుంది.

వాడేటప్పుడు పెట్టెను నెట్టకండి. ఎత్తి, దించి, నొక్కండి. క్రాస్‌గా (నేతకు ఏటవాలుగా) కోసిన ముక్కలైతే నెడితే చాలు, సాగిపోతాయి. పనయ్యాక బల్లను గోడకు నిలబెట్టండి, చెమ్మ ఆరాలి.