మచ్చ కనిపిస్తే సరిపోతుందా?

అక్క: నమస్కారం. ఈ వారం కుషింగ్ సిండ్రోమ్, అంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ మరీ ఎక్కువైతే వచ్చే జబ్బు. ఒంట్లో కార్టిసాల్ ఎందుకు పెరుగుతుందో ఒక్కో కారణం చెప్పుకుందాం. ముందు పాత ఫోటో...

తమ్ముడు: అప్పుడే ఫోటో వచ్చేసిందా!

అక్క: రాక? పేషెంట్ "లావెక్కానమ్మా" అంటుంది, అంతే. ఆధార్ కార్డు తీయించి ముఖం పక్కన పెట్టి చూడు. కార్డులో ఉన్నది ఆమె చెల్లెలేమో అనిపిస్తుంది.

తమ్ముడు: సరే, కారణాలు. ఎక్కువమందిలో బయటినుంచి వాడిన, కార్టిసాల్‌లా పనిచేసే స్టెరాయిడ్ మందులే. కీళ్ళనొప్పులకని, ఆయాసానికని నెలల తరబడి మింగే బిళ్ళలు. అవి కావంటే రక్తంలో ఏసీటీహెచ్ చూస్తాం, కార్టిసాల్ తయారుచెయ్యమని అడ్రినల్‌కు చెప్పే హార్మోన్ అది. అది బాగా తగ్గి ఉంటే కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ. తగ్గకపోతే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో, లేదా ఊపిరితిత్తుల్లాంటి చోట ఏసీటీహెచ్ తయారుచేసే గడ్డ.

అక్క: ఏసీటీహెచ్ కోసం తీసిన రక్తం ట్యూబు ఐస్‌లో వెళ్ళాలి. బల్లమీద వదిలేస్తే ఏసీటీహెచ్ విరిగిపోయి తప్పుగా తక్కువ చూపిస్తుంది. నేను ట్రైనింగ్‌లో ఉండగా ఒకామెకు అలాగే జరిగింది. అడ్రినల్ గడ్డ కోసం వెతుకుతూ మూడు వారాలు పోయాయి. ఇప్పటికీ గుర్తొస్తే బాధే.

తమ్ముడు: పిట్యూటరీ సంగతికొద్దాం. ఎంఆర్ఐలో మచ్చ కనిపించాక ఇంకా ఆలస్యమెందుకు? సర్జన్ దగ్గరికి పంపేయాలి.

అక్క: ఎంత మచ్చ?

తమ్ముడు: నాలుగు మిల్లీమీటర్లు అనుకో.

అక్క: ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా పదిమందిలో ఒకరికి అలాంటి మచ్చ ఉండొచ్చు. నీకు తెలుసు కదరా!

తమ్ముడు: తెలుసు. కానీ ఏసీటీహెచ్ వల్ల వచ్చే కేసుల్లో నూటికి ఎనభై పైన పిట్యూటరీవే కదా.

అక్క: మిగతావాళ్ళ సంగతి? ముక్కులోంచి వెళ్ళి తల లోపల ఆపరేషన్ చేయించుకుంటారు. గడ్డేమో ఊపిరితిత్తిలో అలాగే ఉంటుంది. ఈ జబ్బుకు పేరిచ్చిన సర్జన్ హార్వీ కుషింగ్ 1932లో 12 మంది రోగుల గురించి రాసినప్పుడు ఎంఆర్ఐ లేదు. ఆయన మనుషుల్ని చూశారు.

తమ్ముడు: ఆయనకు ఎంఆర్ఐ ఉంటే వాడేవారు.

అక్క: వాడేవారు, పొటాషియం కూడా చూసేవారు. కిడ్నీలో కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మార్చే ఎంజైమ్ ఉంటుంది. కార్టిసాల్ వరదలా వస్తే ఆ ఎంజైమ్ తట్టుకోలేదు. అప్పుడు కార్టిసాల్, పొటాషియంను బయటికి పంపే ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ పని చేస్తుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. నెలల్లోనే బస్సు మెట్టు ఎక్కలేకపోవడం, ఒళ్ళు నల్లబడటం, పొటాషియం పడిపోవడం కనిపిస్తే పిట్యూటరీ మీదే కూర్చోకూడదు.

తమ్ముడు: ఊపిరితిత్తిలో చిన్న కార్సినాయిడ్, అదే మెల్లగా పెరిగే ఒక రకం గడ్డ అయితే? ఏళ్ళ తరబడి మెల్లగా, అచ్చం పిట్యూటరీలా నడుస్తుంది. నీ పొటాషియం అక్కడ పనికిరాదు.

అక్క: ఒప్పుకుంటా. నీ మచ్చ కూడా పనికిరాదు. అందుకే పెట్రోసల్ శాంప్లింగ్. గజ్జల్లోంచి రెండు పక్కలా సన్నని గొట్టాలు పుర్రె అడుగున పిట్యూటరీ రక్తం దిగే పెట్రోసల్ సిరల దాకా తీసుకెళ్ళి, అక్కడి రక్తం, చేతి రక్తం ఒకేసారి తీస్తారు. అక్కడి ఏసీటీహెచ్ చేతిలో కన్నా రెండింతలు, ఏసీటీహెచ్‌ను పెంచే మందు ఇచ్చాక మూడింతలు ఉంటే పిట్యూటరీయే.

తమ్ముడు: అది మన దగ్గర ఎన్నిచోట్ల చేస్తారక్కా? కరీంనగర్ నుంచి వచ్చినామె ఖర్చు, టెన్షన్ ఎవరు చూస్తారు? నాకు కోపం రావడం దీనికే.

అక్క: ...నిజమే. నాకూ నిద్ర పట్టదు.

తమ్ముడు: మచ్చ పది మిల్లీమీటర్లుంటే?

అక్క: అప్పుడు శాంప్లింగ్ అక్కర్లేదు. ఆరులోపుంటే చేయాల్సిందే.

తమ్ముడు: మధ్యలో ఉంటే?

అక్క: అక్కడే గొడవ. నేనైతే ఆమె పాత ఫోటో...

తమ్ముడు: అక్కా!

అక్క: ఎప్పుడు మొదలైందో ఫోటోలే చెప్తాయిరా. పెళ్ళి ఆల్బమ్‌తో మొదలుపెట్టి వరసగా... ఆగు, వార్డు నుంచి ఫోన్.