గ్యాస్ డిటెక్టర్ సున్నా చూపిస్తే సరిపోతుందా?

శ్రోతలకు నమస్కారం. బాయిలర్ గదుల్లో, రసాయన కర్మాగారాల్లో గోడకు బిగించిన గ్యాస్ డిటెక్టర్లు ఉంటాయి. లీకు లేనంత కాలం వాటి తెర మీద సున్నాయే కనిపిస్తుంది. చిక్కేమిటంటే, లోపలి సెన్సర్ చచ్చిపోయినా చాలాసార్లు కనిపించేది ఆ సున్నాయే.

మండే గ్యాస్‌లను పట్టుకోవడానికి విరివిగా వాడేది క్యాటలిటిక్ సెన్సర్. అందులో రెండు చిన్న పూసలు, వాటి లోపల సన్నటి ప్లాటినం తీగ చుట్టలు ఉంటాయి. ఒక పూసకు ఉత్ప్రేరకం పట్టించి ఉంటుంది. గ్యాస్ దాని మీద మండితే పూస వేడెక్కి తీగ నిరోధం పెరుగుతుంది. రెండో పూస మీద గ్యాస్ మండదు. ఆ రెండింటి తేడాయే మనకు కనిపించే అంకె. తీగ తెగితే పరికరం వెంటనే ఫాల్ట్ చూపిస్తుంది. కానీ సిలికాన్ ఆవిరి సోకి ఉత్ప్రేరకం పాడైతే ఏ హెచ్చరికా రాదు. విద్యుత్తు పరంగా అంతా సవ్యమే కదా, సిగ్నల్ 4 మిల్లీయాంపుల దగ్గర నిశ్చింతగా నిలబడుతుంది. కంట్రోల్ రూమ్‌కు దాని అర్థం ‘గ్యాస్ లేదు’ అనే. దగ్గర్లో సిలికాన్ సీలెంటు పూసినా, సిలికాన్ ఉన్న స్ప్రే కొట్టినా ఈ ముప్పు ఉంది. కాబట్టి గ్యాస్ పట్టి చూడటం తప్ప వేరే దారి లేదు.

పరీక్షకు ముందు కంట్రోల్ రూమ్‌కు చెప్పి ఆ డిటెక్టర్ ఛానెల్‌ను ఇన్‌హిబిట్‌లో పెట్టించాలి, అంటే దాని సిగ్నల్‌కు అలారం, వాల్వులు స్పందించకుండా తాత్కాలికంగా ఆపించాలి. లేదంటే అలారంతో పాటు వాల్వులు మూసుకుని ప్లాంటే ఆగిపోవచ్చు. ముందు శుభ్రమైన గాలితో జీరో సరిచూడాలి. చుట్టూ గాలి మీద అనుమానముంటే సిలిండర్ గాలి వాడాలి. తర్వాత సెన్సర్‌కు కప్పు తగిలించి, తయారీదారు చెప్పిన వేగంతో టెస్ట్ గ్యాస్, అంటే గాఢత ముందే తెలిసిన గ్యాస్, వదలాలి. చాలా పరికరాలకు అది నిమిషానికి అర లీటరు నుంచి ఒక లీటరు. అంకె నిలకడగా నిలిచేదాకా ఆగి, ఏమీ సరిదిద్దకముందే ఆ రీడింగును రాసుకోవాలి. చాలామంది వదిలేసేది ఇదే. తెర మీది అంకె, గాలిలో గ్యాస్ మండటానికి కావాల్సిన కనిష్ఠ పరిమితిలో ఎంత శాతం ఉందో చెబుతుంది. 50 రావాల్సిన చోట పోయినసారి 46, ఈసారి 31 వచ్చిందంటే సెన్సర్ చివరి దశకు వచ్చినట్టే. స్పాన్, అంటే టెస్ట్ గ్యాస్‌కు రావాల్సిన అంకెకు సరిచేసే అమరిక, తిప్పి 50కి తెస్తే లెక్క కుదురుతుంది గానీ సెన్సర్ కోలుకోదు.

టెస్ట్ గ్యాస్ సిలిండర్ లేబుల్ దగ్గర రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మీథేన్ మండే కనిష్ఠ పరిమితిని కొన్ని ప్రమాణాలు గాలిలో 5 శాతంగా, కొన్ని 4.4 శాతంగా తీసుకుంటాయి. 2.5 శాతం మీథేన్ మొదటి లెక్కలో 50 చూపాలి, రెండో లెక్కలో దాదాపు 57. పరికరం ఏ లెక్కలో ఉందో తెలియకుండా స్పాన్ ముట్టుకోకూడదు. రెండోది, మీథేన్‌ను నైట్రోజన్‌లో కలిపిన సిలిండర్. క్యాటలిటిక్ సెన్సర్‌కు ఆక్సిజన్ కావాలి కనుక గాలిలో కలిపినదే వాడాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే మామూలు రబ్బరు గొట్టం ఆ గ్యాస్‌ను కొంత పీల్చేసుకుంటుంది, రీడింగు తక్కువ వస్తుంది. టెఫ్లాన్ లాంటి గొట్టం వాడాలి, అదీ వీలైనంత పొట్టిగా.

సిగరెట్ లైటర్ గ్యాస్‌తో ‘మోగుతుందో లేదో’ చూసే అలవాటు మానాలి. అంత చిక్కటి గ్యాస్ క్యాటలిటిక్ పూసను దెబ్బతీస్తుంది, పైగా కొలత గురించి ఏమీ చెప్పదు.

సెన్సర్ ముందుండే లోహపు జల్లెడ బిళ్ల సంగతి మరీ ముఖ్యం. గోడకు రంగు వేసేటప్పుడు దాని మీదా బ్రష్ నడుస్తుంది. దుమ్ము, నూనె, నీరు చేరినా రంధ్రాలు పూడిపోతాయి. కొన్ని నమూనాల్లో టెస్ట్ గ్యాస్ గొట్టం ఈ బిళ్లకు లోపలి వైపు తెరుచుకుంటుంది. అక్కడినుంచి గ్యాస్ పడితే అంకె చకచకా ఎక్కుతుంది, పరీక్ష పాసవుతుంది. బయటి గ్యాస్ మాత్రం లోపలికి రానే రాదు. అందుకే అప్పుడప్పుడైనా బయటినుంచి కప్పుతో గ్యాస్ పట్టి, అంకె పెరగడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయాలి. మునుపటికన్నా ఆలస్యమైతే ముందు బిళ్లనే అనుమానించాలి.

గ్యాస్ పీల్చుకునే పరారుణ కాంతిని బట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్‌కు సిలికాన్ భయం లేదు, దాని కిటికీ అద్దం మాత్రం శుభ్రంగా ఉండాలి. అయితే హైడ్రోజన్ దానికి కనిపించదు. విషవాయువులకు వాడే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్‌లోని ద్రవం పొడి వేడిలో ఎండిపోతుంది, గ్యాస్ తగలకపోయినా ఆ సెన్సర్ కాలంతో అరిగిపోతుంది.

పరీక్ష వ్యవధికి తయారీదారు సూచనే ఆధారం. చాలాచోట్ల మూడు నుంచి ఆరు నెలలకోసారి క్యాలిబ్రేషన్, అంటే జీరో, స్పాన్ సరిచూసి సరిదిద్దడం, చేస్తారు. దుమ్ము, ఆవిరి ఎక్కువున్న చోట ఇంకా తరచుగా చేయాలి. పని అయ్యాక కప్పు తీసి, రీడింగు సున్నాకు దిగాకే ఇన్‌హిబిట్ తొలగించాలి. ముందే తొలగిస్తే మిగిలిన గ్యాస్‌కు అలారం మోగుతుంది. అసలు తొలగించడమే మరిచిపోతే, బాగుచేసిన డిటెక్టర్ ఆ తర్వాత ఎంత గ్యాస్ చూసినా సైరన్ మోగదు.