ఫోన్-ఇన్: అప్పులు, పన్నులు, అమెరికా సెక్యూరిటీ క్లియరెన్స్

యాంకర్: మేరీల్యాండ్ నుంచి ఒకావిడ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా ఆయనకి డిఫెన్స్ కాంట్రాక్టర్ కంపెనీలో ఆఫర్ వచ్చింది, సీక్రెట్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి, కావాలట. ఇబ్బందేంటంటే, వరుసగా రెండేళ్లు ట్యాక్స్ రిటర్న్ వేయలేదు. జీతంలో కోసిందే ఎక్కువ, రీఫండే రావాలి, తొందరేముందిలే అని ఊరుకున్నాం.

లాయర్: బాకీ లేకపోతే ఐఆర్‌ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ, పెనాల్టీ వేయదమ్మా. మూడేళ్లు దాటితే మీ రీఫండ్ పోతుంది, అంతే. క్లియరెన్స్ దగ్గర లెక్క వేరు. క్లియరెన్స్‌కి నింపే ఎస్ఎఫ్-86 ఫారంలో 26వ సెక్షన్, గత ఏడేళ్లలో వేయాల్సిన రిటర్న్ మానేశారా అని అడుగుతుంది. రీఫండ్ ఊసే ఎత్తదు. మీవారు 'అవును' అనే రాయాలి.

కాలర్: రాస్తే ఉద్యోగం పోదా అండీ?

లాయర్: రాసినందుకు పోయినవాళ్లకంటే దాచి దొరికినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. క్లియరెన్స్ నిబంధనల్లో గైడ్‌లైన్ ఎఫ్ అంటే డబ్బు వ్యవహారాలు; దాస్తే దానికి తోడు గైడ్‌లైన్ ఈ, అంటే నిజాయితీ ప్రశ్న, నెత్తిన పడుతుంది. ఫారం పంపేలోపే రెండేళ్ల రిటర్న్‌లూ వేసేయండి, స్టేట్‌వి కూడా. డబ్ల్యూ-2లు, అంటే కంపెనీ ఇచ్చే జీతం-పన్ను కాగితాలు, పోతే ఐఆర్‌ఎస్ సైట్లో వేజ్ అండ్ ఇన్‌కం ట్రాన్‌స్క్రిప్ట్ (ఆదాయ వివరాల నకలు) దొరుకుతుంది. రిటర్న్‌లు వేశాక కొన్ని వారాలాగి అదే సైట్లో అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్ తీయండి. అందులో 150 అనే కోడ్ పక్కన 'రిటర్న్ దాఖలైంది' అని ఉండాలి. ఆ కాగితమే మీ సాక్ష్యం. పోస్టులో పంపిన రసీదు పట్టుకెళితే సరిపోదు.

కాలర్: హైదరాబాద్‌లో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్, అంటే ఎన్నారైల ఖాతాలో వేసింది, ఉంది. దానికి పన్ను లేదు కదా?

లాయర్: అక్కడ లేదు, ఇక్కడ ఉంది! మనవాళ్లలో చాలామంది బోర్లాపడేది ఇక్కడే. ఆ వడ్డీ ఈ రిటర్న్‌లలో చూపండి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాల రిపోర్టు, వేరే వేయాలి. ఎస్ఎఫ్-86లో విదేశీ ఆస్తులడిగే 20ఏ దగ్గర ఆ డిపాజిట్ కూడా రాయాలి. రాసిన ఖాతా రిటర్న్‌లో లేకపోతే వాళ్లు వెంటనే పట్టుకుంటారు. పాత రిటర్న్‌లలో వదిలేసుంటే విదేశీ ఖాతాల సంగతి తెలిసిన సీపీఏని, అంటే లైసెన్స్ ఉన్న అకౌంటెంట్‌ని, ముందు కలవండి. దిద్దుకునే దారిని బట్టి పెనాల్టీ మారుతుంది.

యాంకర్: డల్లాస్ నుంచి మరొకరు. చెప్పండి బ్రదర్.

కాలర్: ఉద్యోగం పోయినప్పుడు క్రెడిట్ కార్డు 14,000 డాలర్లు ఛార్జాఫ్ అయింది సార్, అంటే రాని బాకీ అని బ్యాంకు రాసేసుకుంది. ఏడేళ్లయితే క్రెడిట్ రిపోర్టులోంచి పోతుందంటున్నారు. ఆగమంటారా?

లాయర్: ఆగొద్దు. రిపోర్టులోంచి జారిపోయినా, కోర్టులో వసూలు గడువు దాటినా, ఆ అప్పు తీరినట్టు క్లియరెన్స్ కేసు చూసే జడ్జి ఒప్పుకోడు. లేఆఫ్ లెటర్ మీకు మేలే, మీ చేతిలో లేని కారణమది. కానీ ఉద్యోగం దొరికాక ఏం చేశారన్నది కూడా అడుగుతారు. నెలకి 150 డాలర్లైనా ఒప్పందం రాయించుకుని ఆరునెలలు తప్పకుండా కట్టిన బ్యాంక్ స్టేట్‌మెంట్‌కి, 'త్వరలో కడతాను' అన్న ఉత్తరానికి చాలా తేడా ఉంది.

కాలర్: సగానికి సెటిల్ చేస్తామంటున్నారు.

లాయర్: చేసుకోండి, కాగితం చేతికొచ్చాకే డబ్బు కట్టండి. అయితే మాఫీ అయిన 7,000 డాలర్లకి 1099-సీ, అంటే అప్పు మాఫీ అయిందని చెప్పే పన్ను ఫారం, వస్తుంది, అది సాధారణంగా ఆదాయం కింద లెక్క. దాన్ని రిటర్న్‌లో వదిలేస్తే అప్పు గొడవ కాస్తా పన్ను గొడవ అవుతుంది. మాఫీనాటికి మీ ఆస్తికంటే అప్పే ఎక్కువైతే, ఆ పన్ను తప్పించుకునేందుకు 982 ఫారం ఉంది, అడగండి.

యాంకర్: క్లియరెన్స్ ఎందుకివ్వకూడదో ఆరోపణలు రాసి పంపే 'స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్' ఇంటికొచ్చేస్తే?

లాయర్: కాంట్రాక్టర్లకి జవాబు గడువు 20 రోజులే. ఒక్కో ఆరోపణకీ ఒప్పుకుంటున్నారో లేదో విడిగా, ప్రమాణపూర్వకంగా రాయాలి. జడ్జి ముందు హియరింగ్ కావాలంటే ఆ జవాబులోనే అడగాలి, లేకపోతే కాగితాలు చూసి తేల్చేస్తారు.