పెరట్లో చైన్ సా: కొమ్మ కోసే ముందు తెలియాల్సినవి

అందరికీ నమస్కారం. మామిడి కాయ దిగిపోయింది, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరసలు తగ్గాయి. ఇక తోపుల్లోనూ ఇళ్ల పెరళ్లలోనూ ఎండుకొమ్మలు తీసే పని మొదలవుతుంది. చిత్తూరైనా తిరుపతైనా ఇప్పుడు చైన్ సా కొనుక్కోవడం పెద్ద విషయం కాదు. కొన్నరోజు స్టార్ట్ చేయడం నేర్చుకుంటాం. అది ఎందుకు తంతుందో మాత్రం తెలుసుకోం. ఈరోజు ముఖ్యంగా దాని గురించే చెబుతాను.

చైన్ చుట్టూ తిరిగే ఈ పొడవాటి పట్టీనే బార్ అంటారు. దీని కొన చూడండి. ఇందులో పైసగం చాలా ప్రమాదం. చైన్ తిరుగుతున్నప్పుడు ఆ చోటు దేనికైనా తగిలిందంటే మిషన్ మొత్తం పైకి లేచి మన మొహం మీదికి వస్తుంది. తగిలేది కోస్తున్న కొమ్మే కానక్కర్లేదు. ఆకుల వెనక కనపడని ఇంకో కొమ్మ కావచ్చు, ప్రహరీగోడ కావచ్చు, ఫెన్సింగ్ కమ్మీ కావచ్చు. చైన్ సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో పరిగెడుతుంది. చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు.

అందుకే పట్టు ముందే సరిగ్గా ఉండాలి. కుడిచెయ్యి వెనక హ్యాండిల్ మీద, ఎడమచెయ్యి ముందు హ్యాండిల్ మీద, బొటనవేలు హ్యాండిల్ చుట్టూ బిగించి. ముందున్న ఈ గార్డే చైన్ బ్రేక్. మిషన్ తన్నితే ఎడమ మణికట్టు దీనికి తగులుతుంది, చైన్ ఆగుతుంది. చాలా మిషన్లలో ఆ కుదుపుకే బ్రేక్ పడుతుంది కూడా. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఇంకో చేత్తో కోసేవాళ్లకు ఆ మణికట్టు అక్కడ ఉండదు. దయచేసి అలా చేయకండి. తల కూడా బార్‌కు సూటిగా కాకుండా కాస్త ఎడమపక్కకు ఉంచుకోండి.

భుజం కంటే ఎత్తులో కోయొద్దు. నిచ్చెన మీద అసలే వద్దు. ఎత్తు కొమ్మలకు గెడకు బిగించిన చేతిరంపం చాలు, నేలమీద నిలబడే కోయొచ్చు.

లుంగీ, మెడలో తువ్వాలు, హవాయి చెప్పులు ఈ పనికి పనికిరావు. ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు కావాలి. ఈ మిషన్ చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది. చాలా మిషన్లకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలపాలి, అయినా మీ మిషన్ పుస్తకం ఒకసారి చూడండి. ఇంజన్ వేడిగా ఉండగా పెట్రోలు పోయకండి. పోసిన చోటికి 3 మీటర్లు ఎడంగా వెళ్లి, మిషన్‌ను నేలమీద పెట్టి, వెనక హ్యాండిల్ కాలితో తొక్కిపట్టి తాడు లాగండి.

లావు కొమ్మను పైనుంచే కోస్తే సగానికి రాకముందే బరువుకు విరిగి, మాను దాకా బెరడు చీల్చుకుపోతుంది. మామిడికి అలాంటి గాయమైతే పురుగుకు దారిచ్చినట్టే. మానుకు జానెడు దూరంలో ముందు కిందినుంచి మూడోవంతు కోయండి. తర్వాత దానికి కాస్త అవతలగా పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా పడుతుంది. మిగిలిన మోడు ఆఖర్న తీయండి. కిందినుంచి కోసేటప్పుడు మిషన్ మనవైపు నెడుతుంది, కాళ్లు ఎడంగా నిలదొక్కుకోండి.

2021 నవంబరు వానలు తిరుపతి వాళ్లకు గుర్తే. అలాంటి వానలకు నేల నానితే చెట్లు వేళ్లతో సహా ఒరుగుతాయి. పడిన చెట్టు కదా, భయమేముంది అనుకుంటాం. వంగి బిగుసుకున్న కొమ్మ కోయగానే విసురుగా లేస్తుంది. మాను తెగితే వేరుముద్ద మళ్లీ గుంటలోకి తిరగబడొచ్చు. అది అనుభవమున్నవాళ్ల పని. కరెంటు తీగ మీద పడితే 1912కు ఫోన్ చేసి, సప్లై ఆపారని తెలిసేదాకా దగ్గరికే పోవద్దు.

ఇంకో మాట. చెట్టునే కొట్టేయాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి. ఎర్రచందనమైతే సొంత పొలంలో ఉన్నా అటవీశాఖ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

ఒంటరిగా ఈ పనికి దిగకండి. కేక వేస్తే వినపడేంత దూరంలో ఒక మనిషి ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి. తెగిందంటే శుభ్రమైన మందపాటి గుడ్డ పెట్టి గట్టిగా అదిమిపట్టి 108కు ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆ పట్టు వదలొద్దు. గుడ్డ తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకొకటి పెట్టండి.