తుఫాను వస్తోందంటే వీలునామా, దస్తావేజులు ఎలా భద్రం చేసుకోవాలి?

నమస్కారం అండీ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండం అనే మాట వింటేనే టెన్షన్. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టికట్టే కొట్టుకుపోయింది, ఇక ఇళ్ల సంగతి చెప్పేదేముంది. నీళ్లు గడప దాటితే మనం బియ్యం మూట మంచమెక్కిస్తాం, సిలిండర్ ఎత్తిపెడతాం. బీరువా కింది అరలో ఉన్న కాగితాల కవరు మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఆ కవరు ఇప్పుడే తీసి టేబుల్ మీద పరవండి. పోతే మళ్లీ తెచ్చుకోగలిగేవి ఒక పక్క, తెచ్చుకోలేనివి ఇంకో పక్క పెడదాం.

రిజిస్టరైన సేల్ డీడ్, గిఫ్ట్ డీడ్, భాగపంపకాల దస్తావేజు, వీటి కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డుల్లో ఉంటుంది. ఒరిజినల్ తడిసి పాడైతే సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. అమ్మేటప్పుడో, లోనుకి వెళ్లినప్పుడో పోలీసు కంప్లైంట్, పేపర్ ప్రకటన అని తిప్పుతారు, నిజమే. అయినా కాగితం పోయినంత మాత్రాన ఆస్తి పోదు.

ఇదుగో, ఈ దస్తావేజు వెనక్కి తిప్పుతున్నాను చూడండి. ఈ ముద్రల మధ్య డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసో ఉన్నాయి. కాపీ తెచ్చుకోవాలంటే ముందు కావాల్సింది ఇవే. అందరూ ముందు పేజీలే ఫొటో తీసి వదిలేస్తారు. వెనక వైపు కూడా తీయండి, పిల్లల ఫోన్‌కి పంపండి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి.

ఇక రెండో పక్కకి వద్దాం. రిజిస్టర్ చేయని వీలునామా, అప్పిచ్చి రాయించుకున్న ప్రాంసరీ నోటు, ఇవి పోతే ఏ ఆఫీసూ ఇంకోటి ఇవ్వదు. వీలునామా ఫోన్‌లో ఉంది కదా అనుకోకండి. ఐటీ చట్టం, అంటే సమాచార సాంకేతిక చట్టం, ఎలక్ట్రానిక్ వీలునామాను ఒప్పుకోదు, కాగితం మీద మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాల్సిందే. అలాగని ఫొటో దండగ కాదు. ఒరిజినల్ ప్రమాదవశాత్తూ నాశనమైతే, కాపీని బట్టి కోర్టు ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని ధ్రువీకరణ) ఇచ్చే వీలు భారత వారసత్వ చట్టం 237వ సెక్షన్‌లో ఉంది. కానీ అది కోర్టు మెట్లెక్కి రుజువు చేసుకోవాల్సిన పని.

అంతకన్నా రిజిస్టర్ చేయించుకోవడం నయం. దానికి గడువేమీ లేదు, రాసిన ఎన్నాళ్లకైనా చేయించుకోవచ్చు. కొడుకులకి తెలిసిపోతుందని చాలామంది వెనకాడతారు. ఆ భయం అక్కర్లేదు, మీరు బతికున్నంత కాలం దాని కాపీ మీకు, మీరు అధికారమిచ్చిన మనిషికి తప్ప ఎవరికీ ఇవ్వరు. అదీ వద్దనుకుంటే, సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయొచ్చు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఈ ఏర్పాటుంది, మనవాళ్లు వాడుకోవడమే తక్కువ.

బ్యాంకు లాకరు? నగలకి సరే. వరద, పిడుగు, భూకంపం వల్ల లాకరులోది పాడైతే, బ్యాంకు నిర్లక్ష్యం లేనప్పుడు దానికి బాధ్యత లేదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. లాకరు గది కింది అంతస్తులో ఉందా, పైనా అని అడగండి. వీలునామా మాత్రం మీ ఒక్కరి పేరున్న లాకరులో పెట్టొద్దంటాను. మీ తర్వాత దాన్ని తెరిపించడానికే ఇంట్లోవాళ్లు నానా తిప్పలు పడాలి.

ఇంట్లో దాచేవాటికి జిప్ ఉన్న మందపాటి ప్లాస్టిక్ కవర్లు రెండు, ఒకదానిలో ఒకటి. గాలి పోయేలా నొక్కి మూయండి. ఒరిజినల్స్‌కి లామినేషన్ వద్దు, అంచులోంచి నీళ్లు దిగితే ఇక ఆరబెట్టడం కుదరదు. స్లాబు ఇల్లయితే సజ్జ మీద పెట్టండి. రేకుల ఇల్లయితే గాలికి రేకు లేస్తే వాన నేరుగా పైనుంచే పడుతుంది, కాబట్టి ఆ కవరు ఒక భుజం సంచిలో ఉండాలి, షెల్టర్‌కి పొమ్మంటే మీతోపాటే రావాలి. సంచి ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి.

ఒకవేళ తడిసిపోయాయా? అతుక్కున్న పేజీలు లాగొద్దు, ఎండలో పెట్టొద్దు. నీడలో ఫ్యాను గాలికి పరిచి, విడివడిన పేజీల మధ్య తెల్ల కాగితం పెట్టి, అది చెమ్మగిల్లినప్పుడల్లా మార్చండి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. అంతలో ఆరబెట్టే వీలు లేకపోతే, కవరులో చుట్టి, కరెంటు ఉన్న బంధువుల ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టించండి, ఆ తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. తాతల నాటి, ఇంకు పెన్నుతో రాసిన దస్తావేజులైతే తుడవొద్దు. తుడిస్తే అక్షరాలే చెరిగిపోతాయి.