దారి ఆగిపోయే లోయల్లో సైకిల్ మీద

(ఉత్తర ఇంగ్లండ్‌లో తెలుగు కుటుంబాల వసంత సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కొండలూ సరస్సులూ నిండిన లేక్ డిస్ట్రిక్ట్ చూడని కుటుంబం ఈ హాలులో ఉండదనుకుంటాను. మనం వెళ్లే పద్ధతి కూడా దాదాపు ఒక్కటే. పొద్దున్నే పులిహోర డబ్బాలు సర్దుకుని, ఎమ్6 మోటార్‌వే మీదుగా విండర్‌మియర్ సరస్సు చేరి, కారు నిలపడానికి చోటు కోసం తిరిగి తిరిగి, పడవ ఎక్కి, ఫోటోలు దిగి, సాయంత్రం ఏ591 మీద కార్ల బారులో నిలబడి ఇల్లు చేరతాం. ఆరేళ్లు నేనూ అలాగే వెళ్లొచ్చాను. ఆ ఆరేళ్లలో ఒక్క వాగు చప్పుడు కూడా నా చెవిన పడలేదు. ఏడో ఏట సైకిల్ మీద వెళ్లాను. అప్పటి నుంచి కారులో వెళ్లాలనిపించలేదు.

అంత రద్దీ ప్రాంతంలోనూ నిశ్శబ్దమైన రోడ్లు ఉన్నాయి. ఎవరో రహస్యంగా చెబితే తప్ప తెలియనివి కావు అవి. ఎక్కడ ఉంటాయో ఇంట్లో కూర్చునే చెప్పవచ్చు. ఎందుకంటే ఆ నేల అమరికలోనే దానికి కారణం ఉంది.

ఎద్దుల బండి చక్రాన్ని గుర్తు తెచ్చుకోండి. మధ్యలో కుండ, దాని చుట్టూ ఆకులు, అంటే చువ్వలు. ఇక్కడి లోయలు సరిగ్గా అలా పరుచుకున్నాయని కవి వర్డ్స్‌వర్త్ రెండు వందల ఏళ్ల కిందటే అన్నాడు. మంచుయుగంలో హిమానీనదాలు నడిమి కొండల నుంచి నలువైపులా జారుతూ లోయలను తొలిచాయి. అవి లోతుగా తొలిచిన చోట్ల నీరు నిలిచి సరస్సులయ్యాయి. కాబట్టి ఒక లోయ నుంచి పక్క లోయకు పోవాలంటే కనుమ దాటాలి. తారు రోడ్డున్న కనుమలు కొద్దే. కర్క్‌స్టోన్ 454 మీటర్ల ఎత్తు, హార్డ్‌నాట్, రైనోజ్ ఒక్కొక్కటి 393, హోనిస్టర్ 356, న్యూలాండ్స్, విన్‌లాటర్ ఇంకొంచెం తక్కువ. చాలా లోయల్లో మాత్రం రోడ్డు కొంత దూరం పోయి, చివరి రైతు ఇంటి గేటు దగ్గర ఆగిపోతుంది. ముందుకు దారిలేని రోడ్డు మీదికి పనిలేని కారు రాదు. ట్రాక్టరు వస్తుంది, తపాలా బండి వస్తుంది, కొండ ఎక్కడానికి వచ్చినవాళ్ల కార్లు నాలుగైదు వస్తాయి. మిగతా రోడ్డంతా మనదే.

ఆర్డ్‌నెన్స్ సర్వే అనే బ్రిటన్ పటాల సంస్థ వారి పటం ఒకటి కొనుక్కోండి. అందులో చిన్న రోడ్లు పసుపు రంగులో ఉంటాయి. పసుపు గీత సన్నబడితే ఆ రోడ్డు వెడల్పు నాలుగు మీటర్ల లోపే అని అర్థం. ఆ సన్న గీత ఎక్కడ తెగిపోయిందో చూడండి. గీత మీద బాణపు ములుకు గుర్తు ఒకటుంటే ఎత్తు గట్టిగానే ఉన్నట్టు, రెండుంటే అయిదు మీటర్లు ముందుకు పోయేసరికి ఒక మీటరుకు పైగా ఎక్కాల్సి వస్తుందన్నట్టు. గోదావరి కాలవ గట్టు మీద సైకిల్ నేర్చుకున్నదాన్ని నేను. మాకు ఎత్తంటే వంతెనే. కాబట్టి చెబుతున్నాను, ఆ రెండు ములుకుల గుర్తును చిన్నచూపు చూడవద్దు. ముందు పళ్లచక్రం, వెనక పెద్ద పళ్లచక్రం ఇంచుమించు సమానంగా ఉన్న సైకిల్ తీసుకోండి. మోకాళ్లు బతుకుతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది లాంగ్‌స్లెడేల్. కెండల్ దాటాక ఏ6 మీద నుంచి ఎడమకు దిగే లోయ. ఏ6 కథ కూడా వినదగ్గది. ఒకప్పుడు స్కాట్లండ్ పోయే లారీలన్నీ షాప్ అనే కొండ మీదుగా ఈ రోడ్డునే ఎక్కేవి. 1970లో ఎమ్6 తెరిచాక ఆ రద్దీ అంతా అటు మళ్లింది. రెండు తరాల కిందట సైకిల్‌తో అడుగుపెట్టడానికి జంకే రోడ్డు మీద ఇవాళ నింపాదిగా పోవచ్చు. దాన్ని వదిలి లోయలోకి దిగితే తారు మధ్యలో గడ్డి చార మొదలవుతుంది. చక్రాలు రెండు వైపులే నడుస్తాయి గనక నడుమ గడ్డి మొలుస్తుంది. ఆ పచ్చ చార కనబడితే సరైన రోడ్డు మీద ఉన్నామని లెక్క. అటూ ఇటూ సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడలు. చివర శాడ్‌గిల్ దగ్గర రాతి వంతెన, దాని కింద చన్నీటి వాగు. తారు అక్కడితో సరి. గంటసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు.

దక్షిణాన కోనిస్టన్ సరస్సుకు రెండు ఒడ్డులా రోడ్డుంది. పడమటి ఒడ్డుది పెద్ద రోడ్డు, బస్సులూ కార్లూ అటే పోతాయి. తూర్పు ఒడ్డున ఓక్ చెట్ల నీడలో సన్నని రోడ్డు లేస్తూ దిగుతూ సాగుతుంది. ఆ దారిలోనే బ్రాంట్‌వుడ్, 1872 నుంచి 1900లో చనిపోయేదాకా రచయిత జాన్ రస్కిన్ ఉన్న ఇల్లు. గాంధీగారు 1904లో దక్షిణాఫ్రికాలో రైల్లో రాత్రంతా మేలుకొని చదివి, బతుకు మార్చుకున్నానని చెప్పుకున్న పుస్తకం ఈయనదే. అక్కడ ఆగకుండా పోవడానికి నాకు మనసొప్పదు.

హార్డ్‌నాట్ సంగతి చాలామంది అడుగుతారు. మూడింటికి ఒకటి వాలున్న చోట్లున్నాయి దాని మీద. పైన హేడ్రియన్ చక్రవర్తి కాలపు రోమన్ కోట శిథిలాలు తప్పక చూడదగ్గవి. కానీ వేసవి మధ్యాహ్నం ఆ మలుపుల్లో కార్లు ఎదురెదురుగా ఇరుక్కుని, ఎవరు వెనక్కి పోవాలో తేలక నిలబడి ఉంటాయి. దానికి బదులు అల్ఫా నుంచి బర్కర్ ఫెల్ మీదుగా ఎస్క్‌డేల్ గ్రీన్‌కు పొండి. అల్ఫా దాటగానే ఊపిరి తీసే ఎత్తు ఒకటి ఉంది. అది ఎక్కాక కంచె లేని మైదానపు రోడ్డు, పైన ఆకాశం. ఇక తడి రోజున హార్డ్‌నాట్ దిగవలసి వస్తే సైకిల్ దిగి నడిపించుకు రండి. నేను అలాగే చేస్తాను.

స్కిడా కొండ వెనక ప్రాంతం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. కెజిక్ వైపు నుంచి అందరూ చూసే కొండే అది. ఉత్తరాన దాని వీపు వైపు కాల్డ్‌బెక్, హెస్కెట్ న్యూమార్కెట్, మోజ్‌డేల్, మంగ్రిస్‌డేల్ ఊళ్లను కలుపుతూ సుమారు పదిహేను కిలోమీటర్ల రోడ్డు కారక్ ఫెల్ పాదం వెంట సాగుతుంది. అక్కడ సరస్సు లేదు గనక సందర్శకులు లేరు. కిందటేడు మా నాన్నగారు రావులపాలెం నుంచి వచ్చారు. డెబ్బై దాటినా పొలానికి సైకిల్ మీదే వెళ్లే మనిషి. ఇక్కడి ఎత్తుల కోసం ఆయనకు కరెంటు సైకిల్ అద్దెకు తీసుకున్నాను. చట్టం ప్రకారం దాని మోటారు గంటకు పాతిక కిలోమీటర్ల వరకే తోడ్పడుతుంది, లైసెన్సు అక్కర్లేదు.

హెస్కెట్ దాటి కంచెలు లేని బయలులోకి వచ్చాం. తారు వెచ్చగా ఉందని హెర్డ్‌విక్ గొర్రెలు రోడ్డు మీదే పడుకున్నాయి. తల్లులు బూడిద రంగు, పిల్లలు నల్లగా బొగ్గుల్లా. నాన్నగారు సైకిల్ ఆపి చుట్టూ చూశారు.

“కాపరి ఏడమ్మా?”

“కాపరి ఉండడు నాన్నా. ఏ మంద ఏ కొండదో వాటికే తెలుసు. తల్లి మేసిన చోటే పిల్ల మేస్తుంది. అలా తరతరాలుగా వస్తుంది.”

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి ఈ కంబ్రియా జిల్లాలో లెక్కలేనన్ని పశువులను చంపేయాల్సి వచ్చినప్పుడు, రైతులు గొర్రెల కోసమే కాదు, ఈ తెలివిడి పోతుందని కూడా దిగులుపడ్డారని చెప్పాను. కొత్తగా కొన్న గొర్రెకు కొండ తెలియదు కదా. పాతకాలపు కాపరులు ‘యాన్, టాన్, టెథెరా’ (ఒకటి, రెండు, మూడు) అని గొర్రెలను లెక్కపెట్టేవారని చెబితే ఆయన ముఖం వెలిగింది. “మనం ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనం, లాభం అంటాం. అలాంటిదే” అన్నారు.

ఆ రోజే ఒక విషయం గమనించాను, మీరూ గుర్తుంచుకోండి. రోడ్డుకు ఒక పక్క తల్లి, మరో పక్క పిల్ల కనబడితే వెంటనే వేగం తగ్గించండి. మీ చక్రం దగ్గరకొచ్చిన క్షణంలోనే పిల్ల తల్లి దగ్గరకు పరుగెడుతుంది, అదీ సరిగ్గా మీ ముందు నుంచి. ఏప్రిల్, మే నెలల్లో ఇది రోజూ జరిగేదే.

వేళ కూడా ముఖ్యం. జూన్‌లో అయిదింటికి ముందే తెల్లవారుతుంది, రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుగుంటుంది. మధ్యాహ్నం కిటకిటలాడే వాజ్‌డేల్ రోడ్డు ఉదయం ఆరింటికి ఖాళీగా ఉంటుంది, ఇంగ్లండ్‌లోకెల్లా లోతైన సరస్సు పక్కన మనం ఒక్కళ్లమే పోతాం. ఆగస్టు బడి సెలవులు మాత్రం వదిలేయండి, సెప్టెంబరు మేలు. వాన సంగతి చెప్పనక్కర్లేదు. బారోడేల్‌లోని సీత్‌వెయిట్‌లో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. హైదరాబాద్‌కు ఇంచుమించు నాలుగింతలు. వాన కోటు సంచిలో ఉండాల్సిందే.

ఇరుకు రోడ్డు మీద వెనక బండి వస్తే పక్కకు ఆగే చోటు చూసుకుని దారివ్వండి. ట్రాక్టరు వాడికి అది పని, మనకు సెలవు. మూసి ఉన్న గేటు తీస్తే మళ్లీ మూయండి. రైల్లో వచ్చేవాళ్లు ముందే చూసుకోండి, ఇక్కడి లోకల్ రైళ్లలో సాధారణంగా రెండు సైకిళ్లకే చోటు.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం ఏడింటికి నేను స్టేవ్‌లీ స్టేషన్ బయట ఉంటాను. అక్కడి నుంచి కెంట్‌మియర్ చర్చికి ఆరేడు కిలోమీటర్లు, వాగు పక్కనే దారి, పదేళ్లు దాటిన పిల్లలు తొక్కగలరు. అదీ ముందుకు దారిలేని లోయే. పులిహోర నేను తెస్తాను, మజ్జిగ ఎవరైనా తెండి.