క్షామం అని ఎప్పుడు అనాలి, కరువు అని ఎప్పుడు అనాలి?

నమస్కారం. ఈ రోజు మన మాట క్షామం. చాలామంది దీన్ని కరువుకు మరో పేరుగా వాడేస్తున్నారు. వార్తల అనువాదాల్లో ఈ కలగలుపు మరీ ఎక్కువ. రెండింటినీ ఒకే గాటన కడితే ఆకలి చావుల సంగతి వాన లెక్కల్లో కలిసిపోతుంది. అందుకే ఈ తేడా మీద నాకింత పట్టుదల.

తెర మీద రెండు వాక్యాలు చూడండి. 'వానలు లేక మా ప్రాంతాన్ని కరువు మండలంగా ప్రకటించారు.' '1943లో బెంగాల్‌ను క్షామం కబళించింది.' మొదటి వాక్యంలో చేలు ఎండాయి, చెరువులు అడుగంటాయి. అయినా రేషన్ బియ్యం ఇంటికి చేరుతూనే ఉండవచ్చు. రెండో వాక్యంలో మనుషులు తిండి అందక చనిపోయారు. 20 నుంచి 30 లక్షల మంది అని అంచనా. యుద్ధం వల్ల బర్మా బియ్యం ఆగిపోయింది, ధరలు కూలివాడి చేతికి అందనంత పెరిగాయి. అక్కడ 'కరువు వచ్చింది' అని ఊరుకుంటే, నేరమంతా మబ్బుల మీదికి పోతుంది.

క్షామం సంస్కృతం నుంచి వచ్చింది. చిక్కి శల్యమవడం, శుష్కించడం అనే అర్థం దాని మూలంలోనే ఉంది. దీనికి తోబుట్టువు దుర్భిక్షం. భిక్ష దొరకడమే గగనమైన కాలం అని ఆ మాటకు అర్థం. గడప గడపకూ తిరిగినా జోలెలో గింజ రాలదు, ఎందుకంటే పెట్టేవారి గాదెలూ ఖాళీయే. 'రాజ్యం సుభిక్షంగా ఉంది' అంటాం కదా, దానికి సరిగ్గా ఎదురు మాట ఇది.

మరి మన పెద్దలు ఆకలి చావులను కూడా కరువు అనే చెప్పుకున్నారు కదా? నిజమే. తెలుగు ఊళ్లలో కరువులను తెలుగు సంవత్సరాల పేర్లతో గుర్తు పెట్టుకున్నారు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది నందన కరువు. దానికే డొక్కల కరువు అని మరో పేరు. డొక్క అంటే పొట్ట. ఆ పేరు వింటేనే విషయం అర్థమవుతుంది. 1876-78 నాటిది ధాత కరువు. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో సహాయ పనులకు వెళ్లిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలోకన్నా తక్కువ, దానిపైన కొద్దిపాటి చిల్లర చాలని బ్రిటిష్ ప్రభుత్వ అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. రోజంతా మట్టి తవ్వే మనిషికి అది! రేవుల నుంచి ధాన్యం ఎగుమతి మాత్రం ఆగలేదు. వానలు పోయిన మాట నిజమే, కానీ దాన్ని క్షామంగా మార్చింది పాలన.

ఇప్పుడు అంతర్జాతీయంగా క్షామానికి కొలతలున్నాయి. ప్రతి 5 కుటుంబాల్లో కనీసం ఒకదానికి తిండి దాదాపు లేకపోవడం, ప్రతి 10 మంది పిల్లల్లో కనీసం ముగ్గురు తీవ్రంగా చిక్కిపోవడం, ఆకలితోనో, ఆకలికి రోగం తోడైనందువల్లో రోజుకు ప్రతి 10 వేల మందిలో ఇద్దరైనా చనిపోవడం. 2011లో సోమాలియాలో ప్రకటించింది దీన్నే. ఆ వార్త రాసేటప్పుడు క్షామం అనే రాయండి.

ఇక వాడుక. క్షామం తాండవించింది, క్షామ పీడితులు, క్షామ నివారణ అని రాస్తాం. కాటకం ఎక్కువగా కరువు పక్కనే కనిపిస్తుంది: కరువు కాటకాలు. మాటలు కరువయ్యాయి, కంటికి నిద్ర కరువైంది, కరువుతీరా ఏడ్చింది అన్నచోట క్షామం నప్పదు. కరువులో అధికమాసం అనే సామెత చూడండి. పంట చేతికొచ్చే దాకా రోజులు లెక్కబెట్టుకుంటున్న ఇంటికి పంచాంగం ఇంకో నెల కలిపిందన్నమాట. ఉద్యోగుల కరువు భత్యంలో మాత్రం వాన ఊసూ లేదు, ఆకలి ఊసూ లేదు. అక్కడ కరువు అంటే ధరల పెరుగుదల.